రోడ్డు పక్కన పూలు కావాలంటే విత్తనం కంటే ముందు కోతకాలం చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ ఊరి నుంచి మండల కేంద్రానికి వెళ్లే మూడు కిలోమీటర్ల తారురోడ్డుకు రెండు వైపులా ఉన్న ఖాళీ జాగాలో పూలమొక్కలు పెంచి, తేనెటీగలకూ సీతాకోకచిలుకలకూ ఆసరా కల్పించాలని మీ యువజన సంఘంలో పద్నాలుగు మంది నిర్ణయించుకున్నారు. ఆన్‌లైన్‌లో కాస్మోస్, జిన్నియా, బంతి కలిపిన విత్తనాల పొట్లాలు తెప్పించారు. తొలకరికి నేల దున్నించి చల్లాలా, చెరువుమట్టి పోయించాలా అని అడిగారు. పంచాయతీ వారు ఏటా రెండు మూడుసార్లు ఆ జాగానంతా యంత్రంతో గీకించేస్తారని చివర్లో ఒక్క వాక్యం రాశారు.

నా సమాధానమంతా ఆ చివరి వాక్యం చుట్టూనే తిరుగుతుంది. దున్నించవద్దు, చెరువుమట్టి పోయించవద్దు, ఆ పొట్లాలను రోడ్డు పక్కన చల్లవద్దు. మీ రోడ్డు పక్కన పూలు లేకపోవడానికి విత్తనం లేకపోవడం కారణం కాదు, పూసి గింజ పట్టే వ్యవధి ఆ మొక్కలకు దొరకకపోవడమే కారణం. నేను డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకున్నాక, వరంగల్ వైపు ఒక పల్లెలో పదేళ్లకు పైగా ఇదే పని చేస్తున్నాను. మొదటి రెండేళ్లు మేము కూడా విత్తనాల మీదే డబ్బు పెట్టాము. నిలిచినవి మేము చల్లినవి కావు, మేము కోయకుండా వదిలినవి.

ముందుగా ఒక పని చేయండి. ఈ వానాకాలం ఏమీ చల్లకుండా, ఏమీ పీకకుండా, పదిహేను రోజులకొకసారి ఆ మూడు కిలోమీటర్లూ నడవండి. ఊళ్లో పశువులు కాసిన పెద్దవాళ్లను ఇద్దరిని వెంట తీసుకువెళ్లండి, ఎందుకంటే మొక్కల పేర్లు మీ వయసువారికంటే వారికే ఎక్కువ తెలుసు. మొరం నేల అయితే తంగేడు, వెంపలి, పల్లేరు, విష్ణుక్రాంతం కనిపిస్తాయి. కాస్త తేమ నిలిచే చోట తుమ్మి, గునుగు, తగిరిస, బోడసరం ఉంటాయి. కంచెల వెంట జిల్లేడు, తుత్తురుబెండ, వావిలి, రేగు ఉంటాయి. గడ్డిచామంతి అంతటా ఉంటుంది. అది మన దేశపు మొక్క కాకపోయినా ఏడాది పొడవునా పూస్తుంది కనుక చిన్న సీతాకోకచిలుకలకు ఎండాకాలంలో అదే దిక్కు. దాన్ని పీకే పని పెట్టుకోవద్దు. ఏ కిలోమీటరు రాయి దగ్గర ఏ మొక్క ఉందో, ఎప్పుడు పూసిందో, ఎప్పుడు కాయ ముదిరిందో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. మీ కోత తేదీలను నిర్ణయించేది ఆ పుస్తకమే.

తంగేడు దగ్గర ఒక ఉదయం కూర్చుని చూస్తే ఈ పని ఎందుకు చేయాలో మీకే తెలుస్తుంది. భాద్రపదంలో పొద్దెక్కేలోపు నల్లతుమ్మెద వచ్చి పువ్వు మధ్యనున్న కేసరాలను కాళ్లతో కరచుకుని వేలాడుతుంది. అప్పటిదాకా బొంగురుగా ఉన్న దాని రొద ఒక్కసారిగా సన్నబడి, కీచుమని మారుతుంది. ఆ క్షణంలో అది రెక్కలు కదల్చకుండా ఛాతీ కండరాలను మాత్రమే అదిరిస్తుంది. తంగేడు కేసరాల తిత్తులు నిలువునా పగలవు, వాటి కొనన ఉప్పుడబ్బా మూతకున్నట్టు చిన్న రంధ్రాలు మాత్రమే ఉంటాయి. ఆ అదురుకు పుప్పొడి ఆ రంధ్రాలలోంచి చిమ్మి తుమ్మెద ఒంటి మీద పడుతుంది. అదే పువ్వు మీద తేనెటీగ వాలితే రాలిన పొడిని ఏరుకుంటుంది తప్ప తిత్తిని దులపలేదు, ఎందుకంటే తేనెటీగలకు ఆ విద్య లేదు. అందువల్ల తేనెటీగల పెట్టెలు నాలుగు తెచ్చి పెడితే సరిపోదా అని ఎవరైనా అడిగితే, సరిపోదని చెప్పడానికి తంగేడు పువ్వొక్కటి చాలు. వంగపువ్వు నిర్మాణమూ ఇలాంటిదే. వంగతోటల్లో కాత బాగా పట్టడానికి తోడ్పడేది ఈ నల్లతుమ్మెదలూ, పొట్టమీద నీలిచారలుండే మరో చిన్న జాతి ఈగలూ. వంగ పూత లేని నెలల్లో వాటికి తిండి ఎక్కడ దొరకాలి? రోడ్డు పక్క తంగేడులోనే దొరకాలి. బీర, సొర, దోస, కాకరలలో ఆడపువ్వు వేరు, మగపువ్వు వేరు. పురుగు రాకపోతే పిందె లేదు. ప్రపంచంలోని ప్రధాన ఆహారపంటల రకాలలో సుమారు 75 శాతం ఎంతో కొంత మేరకు జంతువుల ద్వారా జరిగే పరాగసంపర్కం మీద ఆధారపడుతున్నాయని, జీవవైవిధ్యంపై ప్రభుత్వాల మధ్య ఏర్పడిన అంతర్జాతీయ వేదిక 2016లో ఇచ్చిన నివేదిక తేల్చింది. మీ ఊరి కూరగాయల రైతులతో మాట్లాడేటప్పుడు ఆ శాతం చెప్పవలసిన అవసరం లేదు. వారి వంగతోటలోకి తీసుకువెళ్లి తుమ్మెదను చూపించండి.

ఇక కోత సంగతి. మా లెక్క కార్తెలను బట్టి నడుస్తుంది, మీకూ అదే సులువు. రోహిణి కార్తెలో, అంటే మే చివరి వారంలో, ఎండిపోయిన గడ్డిని కోయవచ్చు. మృగశిర చినుకులు పడ్డాక కార్తీకం వెళ్లేదాకా, రోడ్డును ఆనుకున్న గజం జాగా తప్ప మిగిలిన ప్రధాన పట్టీ మీద కొడవలి పెట్టవద్దు. తుమ్మి, వెంపలి, గునుగు, తంగేడు అన్నీ ఆ అయిదు నెలల్లోనే పెరిగి, పూసి, గింజ రాలుస్తాయి. శ్రావణంలో ఒకసారి గీకితే ఆ ఏటి పూత పోయినట్టే, వరుసగా నాలుగేళ్లు గీకితే నేలలో ఉన్న గింజల నిల్వ కూడా కరిగిపోతుంది, ఆ ఖాళీని వయ్యారిభామ (పార్థీనియం కలుపుమొక్క) నింపుతుంది. మార్గశిరంలో కోత మొదలుపెట్టి, అప్పుడు కూడా మొత్తం కోయకుండా మూడో వంతు వదలండి. ఏటా వదిలే ముక్కను మారుస్తూ పోతే మూడేళ్లకు ఒక చుట్టు పూర్తవుతుంది. సీతాకోకచిలుకల గుడ్లు, గొంగళ్లు, ప్యూపాలు చలికాలంలో ఆ ఎండు కాడల మీదే ఉంటాయి. నేలకు బెత్తెడు ఎత్తు వదిలి కోయండి, నేల గీరుకునేలా కోయవద్దు. దట్టమైన గడ్డిని బ్రష్‌కట్టర్‌తో కోసినా తప్పులేదు, కాని తంగేడు, జిల్లేడు మొదళ్లున్న చోట కొడవలే వాడండి.

కోసిన గడ్డిని అక్కడే వదిలేయకండి. ఇది చాలామందికి వింతగా తోస్తుంది. పొలానికి బలం కావాలి కాని రోడ్డు పక్కకు బలం అక్కరలేదు. నేల బలిసినకొద్దీ ఏపుగా పెరిగే రెండు మూడు రకాల గడ్డి, వయ్యారిభామ రాజ్యమేలుతాయి, సన్నని పూలమొక్కలు నీడలో చచ్చిపోతాయి. చెరువుమట్టి వద్దన్నది ఇందుకే. ఈ సూత్రాన్ని బ్రిటన్ వారు బాగా గ్రహించారు. అక్కడ 1930ల నుంచి పూలగడ్డి మైదానాలలో 97 శాతం పోగా, మిగిలిన జాతులలో చాలావాటికి రోడ్ల అంచులే ఆశ్రయమయ్యాయి. డోర్సెట్‌లో 2011లో తెరిచిన వేమత్ రోడ్డు గట్ల మీద సారవంతమైన పైమట్టి పరచకుండా సుద్దనేలను అలాగే వదిలి విత్తితే, అక్కడ ఇప్పుడు అరుదైన చిన్న నీలి సీతాకోకచిలుకలు ఎగురుతున్నాయి, కోత ఖర్చు కూడా తగ్గింది. వారి మొక్కలు మనకు పనికిరావు, వారి కోత నెలలూ పనికిరావు. పేదనేల సూత్రం మాత్రం మన మొరం రోడ్డంచులకు అచ్చంగా సరిపోతుంది.

గడ్డి తీసుకుపోవడానికి ట్రాక్టరు కట్టించుకోవలసిన పని లేదు. మీ ఊళ్లో ఒకటి రెండు గేదెలున్న ఇళ్ల ఆడవాళ్లు ఇప్పటికే ఆ గట్ల మీద గడ్డి కోసుకుంటూ ఉంటారు. మీ సంఘం పుట్టకముందు నుంచీ ఆ జాగాను చూసుకుంటున్నది వారే కాబట్టి మొదటి సమావేశానికి వారిని పిలవండి, ఎటువైపు నుంచి ఎప్పుడు కోసుకోవచ్చో వారితోనే కూర్చుని తేల్చండి. వానాకాలంలో పచ్చిగడ్డి అవసరం మానదు; అందుకని రోడ్డును ఆనుకుని ఉన్న గజం వెడల్పు పట్టీని వారికి వదిలేయండి. ఆ పట్టీ ఎలాగూ పొట్టిగా ఉండాలి. మేకల కాపరులతోనూ ఇదే పద్ధతి పాటించండి. తంగేడును, జిల్లేడును మేకలు సాధారణంగా ముట్టవు గనుక వాటి గురించి గొడవ ఉండదు, వెంపలి, తుమ్మి ఎక్కువగా ఉన్న ముక్కలను మాత్రం పూత నెలల్లో వదిలేయమని అడగాలి. కంచె వేసి వారిని వెళ్లగొట్టాలన్న ఆలోచన రానివ్వవద్దు. పేదవాడి మేత మీద పడి పెంచిన పూలతోట నిలవదు, నిలవకూడదు కూడా.

ఊళ్లో మీకు వచ్చే మొదటి అభ్యంతరం పాములు. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకండి. రక్తపింజర, నాగుపాము తిరిగే ప్రాంతం మనది, చీకట్లో పొలం నుంచి నడిచి వచ్చేవారి భయం న్యాయమైనది. అందుకే గజం పట్టీని నెలకోసారి తప్పకుండా కోయాలి. బడి, బస్టాపు, ఇళ్ల ముంగిళ్లు, బోరుబావి దారులు ఉన్నచోట పట్టీని ఇంకా వెడల్పు చేయాలి. మూలమలుపుల దగ్గర, చేలబాటలు రోడ్డెక్కే చోట ఎదురుగా వచ్చే బండి కనిపించేలా మోకాటి ఎత్తుకు మించి ఏదీ పెరగనివ్వకూడదు. రెండో అభ్యంతరం దోమలు. దోమ పుట్టేది నిలిచిన నీటిలో కనుక, పక్కకాలువలో నీరు నిలవకుండా మీ సంఘమే పూడిక తీస్తే ఆ మాట సగం తగ్గిపోతుంది.

అనుమతి విషయంలో మేము దెబ్బతిన్నాము కనుక కాస్త వివరంగా చెబుతాను. మూడో ఏట మా రోడ్డు ఒక వైపున తంగేడు, గునుగు నిండుగా నిలిచాయి. పండుగకు పది రోజుల ముందు ఒక ఉదయం వెళ్లేసరికి కిలోమీటరున్నర మేర ఎర్రమట్టి తేలి ఉంది. పండుగ శుభ్రత కింద రాత్రికి రాత్రి బ్లేడు యంత్రం పెట్టి గీకించారు. వారిని నిందించడానికి మా దగ్గర ఆధారం లేదు. మేము నోటిమాటగా చెప్పామే తప్ప కాగితం మీద ఏమీ లేదు, గట్టు మీద ఒక్క బోర్డు లేదు. వేళ్లతో సహా పెకలించిన తంగేడు మొదళ్లను కుప్పలోంచి ఏరిన ఆ రోజు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. కాబట్టి మీ రోడ్డు ఆర్ అండ్ బీదా, పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగానిదా ముందు కనుక్కోండి. గ్రామసభలో తీర్మానం చేయించి, దాని నకలుతో ఆ శాఖ సహాయ ఇంజినీరుకు దరఖాస్తు ఇచ్చి, ఏ రాయి నుంచి ఏ రాయి దాకా, ఏ నెలల్లో కోత, ఏ పట్టీ ఎప్పుడూ పొట్టిగా ఉంటుంది అనేవి అందులో రాయండి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ఊరి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును అదే తయారు చేయాలి. మీ నోటుపుస్తకంలోని జాబితాను ఆ రిజిస్టరులో చేర్చమని అడగండి. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018 కింద పంచాయతీ నిధులలో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలి. బోర్డులు, కొడవళ్లు, మెరిసే జాకెట్ల ఖర్చు అందులోంచి అడగడానికి మీకు దారి ఉంది. యంత్రం నడిపే వ్యక్తితో మాత్రం మీరే స్వయంగా మాట్లాడి, అతని ఫోన్ నంబరు దగ్గర పెట్టుకోండి. తీర్మానం ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం.

పీకవలసినవి కూడా ఉన్నాయి. వయ్యారిభామ ఒక్కో మొక్క వేలకొద్దీ గింజలు రాలుస్తుంది, పదిహేను వేలు దాటడం మామూలు. అది పూతకు రాకముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు, వేరుతో సహా పీకాలి. గ్లౌజులు, నిండు చేతుల చొక్కా, మూతికి గుడ్డ తప్పనిసరి. దాని వల్ల చర్మం మీద దద్దుర్లు, కొందరికి ఆయాసం వస్తాయి, ఒకసారి వచ్చినవారిని మళ్లీ ఆ పనికి పంపకూడదు. పీకిన చోట వెంటనే తగిరిస గింజలు చల్లితే అది దట్టంగా లేచి వయ్యారిభామను అణచివేస్తుంది, పైగా పసుపు సీతాకోకచిలుకల గొంగళ్లకు అది మేత. మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగళూరులో విడిచిన చారల పెంకు పురుగు ఇప్పుడు మన దగ్గర కూడా వయ్యారిభామ ఆకులను తింటోంది; దాన్ని చూసి చీడ అనుకుని చంపకండి. సర్కారుతుమ్మ, లాంటానా మొలకలను అవి లేచిన మొదటి ఏడే తీసేయాలి. పెద్దవైతే మీ చేతికి చిక్కవు. కలుపుమందు కొట్టిద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. గ్లైఫోసేట్ అనే కలుపుమందును శిక్షణ పొందిన తెగులు నివారణ సంస్థల ద్వారా తప్ప వాడకూడదని కేంద్రం 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. ఆ సంగతి అలా ఉంచినా, కలుపుమందు వయ్యారిభామను, తుమ్మిని వేరుచేసి చూడదు.

జిల్లేడును పీకాలని చాలామంది చూస్తారు. పీకనివ్వకండి. దాని ఆకు అడుగున తెలుపు, నలుపు, పసుపు పట్టీలతో, ఒంటి మీద మూడు జతల నల్లని మీసాలతో ఒక గొంగళి ఉంటుంది. జిల్లేడు పాలలోని విషం దాని ఒంట్లోకి చేరడం వల్ల పిట్టలు దాన్ని ముట్టవు. అదే పెరిగి నారింజ రంగు రెక్కల సీతాకోకచిలుక అవుతుంది. కార్తీకంలో ఒకసారి మేము కోసిన కొమ్మలన్నిటినీ కుప్ప వేసి కాల్చాము. ఆ కుప్ప అడుగున లేతాకుపచ్చ ప్యూపాలు వేలాడుతూ ఉండడం మంట అంటుకున్నాక చూశాము. అప్పటి నుంచి కొమ్మల కుప్పను కాల్చడం మానేసి కంచె మూలన వదిలేస్తున్నాము. ఎండిన లావు కట్టెలు, వెదురు ముక్కలు కూడా అక్కడే పెట్టండి, నల్లతుమ్మెదలు గూడు తొలుచుకునేది వాటిలోనే. యాసంగి కోతలయ్యాక వరికొయ్యలకు పెట్టిన నిప్పు గట్టెక్కి రోడ్డు పక్క తాటిచెట్ల దాకా పోవడం మీరూ చూసే ఉంటారు. ఆ నెలలో రోడ్డు పక్క పొలాల రైతులతో ముందే మాట్లాడుకోండి.

ఖాళీగా కనిపించే మట్టిని చూసి కంగారు పడవద్దు. తేనెటీగల కుటుంబంలో 20,000కు పైగా జాతులుంటే వాటిలో ఎక్కువ భాగం తుట్టెలు కట్టవు, ఒక్కో ఆడ ఈగ నేలలో తనకు తానే బొరియ తవ్వుకుంటుంది. గట్టు అంచున పెన్సిలు పట్టేంత రంధ్రాలు, చుట్టూ సన్నని మట్టిపొడి కనిపిస్తే అది వాటి ఇల్లు. అక్కడ మట్టి పోసి చదును చేయడం, మొక్క నాటడం, నీళ్లు కట్టడం చేయకూడదు.

విత్తడమే అవసరమైన చోట, అంటే కేబుల్ గుంత తవ్వి పూడ్చిన చోట, మీ ఊరి గింజే వాడండి. తంగేడు కాయలు గోధుమరంగుకు తిరిగాక కోసి, గింజ పెంకు గట్టిది కనుక గరుకు రాయి మీద కొద్దిగా రుద్ది, వేడినీళ్లలో వేసి రాత్రంతా ఉంచి, ఆరుద్రలో వానపడ్డ మర్నాడు విత్తండి. గునుగు కంకి ఎండాక సంచిలో పెట్టి దులిపితే మెరిసే నల్లగింజలు రాలుతాయి. అయితే గునుగు చేలలో కలుపు కూడా. పత్తి, మక్క చేలను ఆనుకున్న గట్టు మీద కాకుండా, ఊరి దగ్గరి జాగాలో, గుడి వెనక, చెరువుకట్ట వైపు చల్లండి. చేలలో కలుపుమందులు పెరిగాక బతుకమ్మకు గునుగు, తంగేడు దొరకక బజారులో కొంటున్న ఊళ్లున్నాయి. మా ఊళ్లో ఈ పనికి ఆడపిల్లల నుంచి బలం వచ్చింది ఆ కారణం చేతనే. పువ్వు కోసుకోనిచ్చాము, మొదలు విరవవద్దన్నాము, చెట్టుకు సగం పూత వదలమన్నాము. ఇప్పుడు ఆ గట్టు మీద ఎవరైనా బ్లేడు తెస్తే మొదట అడ్డుపడేది వారే.

పని చేసే రోజున రోడ్డు వైపు ముఖం పెట్టి నిలబడే మనిషి ఒకరు ఉండాలి, అందరికీ మెరిసే జాకెట్లు ఉండాలి, చీకటి వేళల్లో పని వద్దు. నేషనల్ హైవే పక్కనో, డివైడరు మధ్యనో ఇలాంటిది చేయాలని ఎవరైనా ప్రోత్సహిస్తే ఒప్పుకోకండి. ఆ వేగంలో మనుషులకూ సీతాకోకచిలుకలకూ రక్షణ లేదు.

ఫలితాన్ని కొలవడానికి పూల ఫోటోలు చాలవు. ఒకే తంగేడు పొదను, ఒకే తుమ్మి మడిని ఎంచుకుని, నెలకు రెండుసార్లు ఉదయం తొమ్మిదింటికి పది నిమిషాలు కూర్చుని ఎన్ని తుమ్మెదలు, ఎన్ని తేనెటీగలు, ఎన్ని సీతాకోకచిలుకలు వచ్చాయో గీతలు గీసుకోండి. పోల్చడానికి గీకిన వైపు కూడా అలాగే కూర్చోండి. పేరు తెలియనివాటి ఫోటోలను ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైటులో పెడితే తెలిసినవారు గుర్తుపట్టి చెబుతారు. మొదటి ఏట పెద్ద తేడా కనిపించదు, రెండో వానాకాలం నుంచి గీతలు పెరగాలి.

మీ దగ్గరున్న విత్తనాల పొట్లాలను పారేయవలసిన పని లేదు, బడి ఆవరణలో కుండీలలో వేయించండి. కాస్మోస్ మాత్రం రోడ్డెక్కితే తనంతట తానే పాకుతూ పోతుంది, కాబట్టి గింజ ముదరకముందే ఆ పూలు కోసేయమని పిల్లలకు చెప్పండి. మీ నడక పుస్తకంలో మొదటి రెండు నెలలు నిండాక, ఏ ముక్కలో ఏముందో ఇక్కడే రాస్తే, మొదటి ఏడు ఏ మూడో వంతు వదలాలో కలిసి నిర్ణయిద్దాం.